చూడని దీవికి గైడు

ఆ చిన్న విమానంలో సీటు మన ఇష్టం కాదు, మనిషి బరువు చూసి వాళ్ళు ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చోవాలి. కిటికీ పక్కన కావాలంటే ముందే నోరు తెరిచి అడగండి, అడిగితే కాదనరు. దిగేముందు కిందికి చూస్తే దీవి సగం పచ్చగా, సగం బూడిదగా కనిపిస్తుంది. ఆ బూడిద కిందే వాళ్ళ పాత రాజధాని ఉంది. అగ్నిపర్వతం పేలినప్పుడు చర్చీలు, కోర్టు, బజారు అన్నీ మునిగిపోయాయి.

ఇదంతా యోగిత ఫోన్లో చెబుతుంటే అవతల డండాక్ ఊళ్ళో నోరా స్వీనీ అనే పెద్దావిడ ఒక్కొక్క మాటా అడిగి అడిగి రాసుకుంటోంది. కరేబియన్ సముద్రంలోని మాంట్సెరాట్ దీవిలో స్వీనీలు, రైలీలు, ఫారెల్‌లు ఇప్పటికీ ఉన్నారని ఆవిడకి ఎవరో చెప్పారు. వందల ఏళ్ళ కిందట ఐర్లండ్ నుంచి ఓడలెక్కి పోయినవాళ్ళ ఇంటిపేర్లు అవి. తన ఇంటిపేరు మోస్తున్న ఆ నల్లజాతి మనుషుల్ని ఒకసారి చూసి, వాళ్ళతో కలిసి ఐరిష్ వాళ్ళ సెయింట్ పాట్రిక్ పండగ చేసుకుని రావాలని ఆవిడ కోరిక.

"ఆ వాగు పేరేమన్నావు తల్లీ?"

"రనవే వాగండి. దాని నీళ్ళు తాగినవాళ్ళు మళ్ళీ ఆ దీవికి వస్తారని అక్కడివాళ్ళ నమ్మకం."

"నువ్వు తాగావా?"

యోగిత చూపు కంప్యూటర్ మీంచి కిటికీలోకి పోయింది. బయట డబ్లిన్ శివార్లలోని క్లాండాల్కిన్ బిజినెస్ ఎస్టేట్ వానలో తడుస్తోంది. రేకుల షెడ్లు, కింద టైల్స్ గోడౌను, బీప్ బీప్ మంటూ వెనక్కి వస్తున్న లారీ.

"తాగానండి. చల్లగా ఉంటాయి," అంది.

ఇది డెక్లన్ పెట్టిన రూలు. అతను ఈ ట్రావెల్ కంపెనీ యజమాని, మంచివాడే, పుట్టినరోజులకి కేకు తెస్తాడు. కానీ వెళ్ళని మనిషి మాట నమ్మి ఎవరు టికెట్టు కొంటారంటాడు. అందుకని అడిగినవాళ్ళకి వెళ్ళొచ్చామనే చెప్పాలి. మిగతావాళ్ళకి అదేమంత కష్టం కాదు, కనీసం స్పెయిన్ ఎండలో కాలి వచ్చిన మొహాలు వాళ్ళవి. యోగిత నరసాపురం నుంచి డండాక్ కాలేజీకి వచ్చింది, డండాక్ నుంచి టాలట్‌లో అద్దె గదికి వచ్చింది, టాలట్ నుంచి రోజూ బస్సులో క్లాండాల్కిన్ వస్తుంది. ఇదీ ఆమె చేసిన ప్రపంచయాత్ర. పొద్దస్తమానం ఆ దీవి గురించే మాట్లాడి మాట్లాడి, అక్కడ ఏ మలుపు తిరిగితే సముద్రం కనిపిస్తుందో, మేకమాంసం పులుసు ఏ రోజు వండుతారో, పసుపు నలుపు రెక్కల పిట్ట ఏ అడవిలో అరుస్తుందో అన్నీ నోటికి వచ్చేశాయి. అయినా వెళ్ళానని చెప్పిన ప్రతిసారీ ఒంటిమీద ఎంగిలి పడ్డట్టు ఉంటుంది. ఒక్కసారి వెళ్ళొస్తే చాలు, అదే మాట నిజంగా చెప్పుకోవచ్చు. ఆమెకి కావలసింది అంతే, అంతకన్నా పెద్ద ఆశలు లేవు.

ఆ అవకాశం ఇప్పుడు వచ్చింది. వచ్చే నెల పాట్రిక్ పండగకి ముప్ఫైమంది ఆ దీవికి బయల్దేరుతున్నారు. వాళ్ళ వెంట ఆఫీసు నుంచి ఒకరు గైడుగా వెళ్ళాలి. ఎవరి పేరన్నదీ బుధవారం మీటింగులో తేలుతుంది. ఆ దీవి పనంతా చేసింది యోగితే కాబట్టి ఆమే వెళుతుందని అందరూ అనుకుంటున్నారు. ఆమె కూడా అనుకుంటోంది. లండన్‌లో దిగి మారాలి కాబట్టి ఆ వీసా కోసం నెల కిందటే సిటీలో వీసా సెంటర్లో పాస్‌పోర్ట్ ఇచ్చి వచ్చింది. మిగతా అనుమతులు ఆన్‌లైన్లో వచ్చేశాయి. ఆ సంగతి మాత్రం ఆఫీసులో పిట్టకి కూడా తెలియదు.

ఎందుకు చెప్పలేదూ అంటే, మనవాళ్ళ పద్ధతి అది. ఇల్లు కొంటున్నట్టు గృహప్రవేశం మెసేజీ వచ్చాకే తెలియాలి. కడుపు పండితే కంటికి కనిపించాకే తెలియాలి. వీసా అయితే విమానమెక్కి పెట్టిన ఫోటో చూశాకే తెలియాలి. ముందు చెప్పామా, ఎవరో ఒకరి కన్ను పడి పని చెడుతుంది. కిందటేడు అక్క సీమంతానికి వస్తున్నానని యోగిత ఊరందరికీ చెప్పింది. తీరా ఇక్కడ ఉండడానికిచ్చే కార్డు రెన్యువల్ కాక ఆగిపోయింది. ఇమిగ్రేషన్ ఆఫీసు వాళ్ళు కార్డు ఆలస్యం చేశారని ఒక్కరూ అనలేదు. "ముందే డప్పు కొట్టుకున్నావు, అందుకే," అంది అమ్మ.

ఫోన్ పెట్టేసేసరికి డెక్లన్ వచ్చి ఆమె బల్ల మీద వేళ్ళతో తాళం వేశాడు.

"మార్చి సంగతి ఏమంటావు యోగితా? నీ పేపర్లు అవీ ఎలా ఉన్నాయి?"

ఆమె హెడ్‌సెట్ వైరు వేలికి చుట్టుకుంది. అతను ఇలా అడగడం ఇది మొదటిసారి కాదు. నాలిక చివరిదాకా వచ్చింది. పెట్టాను, ఈ వారంలో వస్తుంది అని రెండు ముక్కలు అంటే సరిపోతుంది. పక్క బల్ల దగ్గర తెలుగువాళ్ళ అబ్బాయి దీక్షిత్ వింటున్నాడు. అవతల ఇద్దరున్నారు. ఇన్ని చెవులు.

"ఏమో, ఇంకా ఏమీ తెలీదు. చూద్దాం," అంది.

"సరే సరే. ఇబ్బందేం లేదు," అన్నాడు డెక్లన్. చదువు తర్వాత ఇక్కడ పని చేసుకోవడానికి ఆమెకి ఇచ్చిన గడువు వచ్చే ఏడాదితో అయిపోతుంది. ఆ తర్వాత ఇక్కడ ఉండాలంటే అతనే వర్క్ పర్మిట్‌కి పెట్టాలి. పెడతావా అని ఆమె అడగలేదు, పెడతానని అతను చెప్పలేదు. ఆ ఆఫీసులో ఆమె రోజులన్నీ ఇలాంటి అడగని మాటల మధ్యే గడుస్తున్నాయి.

టాలట్‌లో ఆమె అద్దెకున్న ఇల్లు భానుమతి ఆంటీది. ఆంటీ భర్త పద్మనాభం అంకుల్ ఆసుపత్రిలో పెద్ద డాక్టరు. తెనాలి నుంచి వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా ఆంటీ వంటింట్లో తెనాలి చెక్కు చెదరలేదు. ఇక్కడివాళ్ళు ప్రెస్ అనే గోడ అలమరాలో ఒక అరంతా పచ్చళ్ళ జాడీలే. వీసా సంగతి ఆంటీకి ఒక్కదానికే తెలుసు. చెప్పి తెలిసింది కాదు. అంకుల్ ప్రింటర్‌లో యోగిత మర్చిపోయిన కాగితం చూసి పట్టేసింది.

మంగళవారం సాయంత్రం యోగిత తడి కోటు తగిలించకముందే ఆంటీ గొంతు తగ్గించి అడిగింది.

"ఏమ్మా, మెసేజీ వచ్చిందా?"

"రాలేదండి. రేపో ఎల్లుండో వచ్చేస్తుంది."

"ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు గదా?"

"లేదండి. మా బాస్ మళ్ళీ అడిగాడు, చూద్దాం అనేశాను."

"అద్దీ. చేతికొచ్చిందాకా గాలికి గూడా చెప్పమాక. అసలే ఆ పక్క సీట్లో మనోళ్ళ పిల్లోడున్నాడంటివి. కళ్ళు మంచివి కావమ్మా మనోళ్ళయి." ఆంటీ అప్పుడే గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని సిద్ధంగా ఉంది. "పద, పెరట్లోకి పద. ఇంట్లో కాలిస్తే ఆ అలారం మోగుద్ది. పోయినసారి పక్కింటోళ్ళు ఫైరింజనుకి ఫోన్ చేయబోయారు."

వానలో గొడుగు కింద యోగిత నిలబడింది. ఆంటీ ఆమె చుట్టూ గుప్పెడు తిప్పి, బార్బెక్యూ పొయ్యిలో మిరపకాయలు వేసింది. తడికి అవి సరిగా కాలలేదు, పొగ మాత్రం కొట్టింది. ఇద్దరూ దగ్గారు. "చూశావా ఎంత దిష్టో, ఎట్టా దగ్గిస్తుందో," అని ఆంటీ తృప్తిపడింది. యోగితకి నవ్వొచ్చింది. కానీ కడుపులో బరువు కొంచెం దిగినట్టే అనిపించింది, అది కూడా నిజమే.

బుధవారం మీటింగు బల్ల నిండా యాత్రికుల సంచులు పరిచారు. ఒక్కో సంచిలో ప్రయాణ వివరాలు, దోమల మందు, పెట్టెకి కట్టుకునే ఆకుపచ్చ చీటీ, దీవి గురించి ఒక చిన్న పుస్తకం పెట్టాలి. ఆ పుస్తకం యోగితే రాసింది. డెక్లన్ అందులో ఒక పేజీ తీసేశాడు. పదిహేడు వందల అరవై ఎనిమిదిలో సరిగ్గా పాట్రిక్ పండగ రోజున ఆ దీవిలో బానిసలు తిరగబడాలనుకున్నారు. దొరలు తాగి మత్తులో ఉంటారని ఆ రోజు ఎంచుకున్నారు. ఆ దొరల్లో ఐరిష్ వాళ్ళూ ఉన్నారు. సంగతి ముందే బయటపడిపోయి తొమ్మిదిమందిని ఉరి తీశారు. ఇప్పుడు అక్కడివాళ్ళు ఆ పండగ చేసేది ఆ తొమ్మిదిమంది కోసం కూడా. "నిజమే, కానీ జనం సెలవులకి వెళ్తున్నారు," అన్నాడు డెక్లన్. ఆ పేజీ పోయిన చోట మేకమాంసం పులుసు ఫోటో వచ్చింది.

యోగిత చీటీల మీద పేర్లు రాసి తాళ్ళు కడుతోంది. తాడు రంధ్రంలోంచి దూర్చి, మెలిపెట్టి, లాగి, పక్కన పెట్టి, మళ్ళీ ఇంకొకటి. డెక్లన్ గొంతు సవరించుకున్నాడు.

"గైడు సంగతి. దీక్షిత్ వెళ్తున్నాడు. యోగితకి ఈసారి అంత ఆసక్తి లేనట్టుంది, బలవంతం చేయడం నాకిష్టం లేదు. దీక్షిత్‌కి ఐరిష్ పాస్‌పోర్ట్ ఉంది కాబట్టి వీసాల గొడవ లేదు. శుక్రవారం సాయంత్రానికి విమానం వాళ్ళకి పేరు ఇచ్చేస్తాను. యోగిత ఎటూ ఫోన్లో ఉంటుంది, నీకేం కావాలన్నా చెబుతుంది. అంతేనా యోగితా?"

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె తల ఊపింది. ఎందుకు ఊపిందో ఆమెకే తెలియదు. చిన్నప్పట్నుంచీ పెద్దవాళ్ళు అంతేనా అంటే ఊపడం అలవాటైన తల అది. ఆసక్తి లేదట. ఆ మాట చెవిలో పురుగులా తిరుగుతోంది. రాత్రి కళ్ళు మూసుకుంటే ఆ కొండలు కనిపిస్తాయి తనకి. తనకి ఆసక్తి లేదట. తర్వాతి చీటీ తీసి దాని మీద దీక్షిత్ పేరు గుండ్రంగా రాసి తాడు కట్టింది.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. పాస్‌పోర్ట్ తీసుకోవడానికి రమ్మని మెసేజీ.

గురువారం పొద్దున్నే సిటీకి వెళ్ళి తెచ్చుకుంది. కవరు అక్కడే చింపితే బాగుండదని లూయాస్ ట్రామ్ ఎక్కి కూర్చున్నాక చింపింది. వీసా ఉంది. తన ఫోటో, తన పేరు, అచ్చు తప్పు లేకుండా. ఎదురు సీట్లో కుర్రాళ్ళు పొద్దున్నే చిప్స్ తింటున్నారు. యోగిత ఆ కాగితం మీద వేలు పెట్టి రుద్ది చూసింది, తడిగా ఉంటే చెరిగిపోతుందేమో అన్నట్టు. సంతోషం రావాలి గదా అని కాసేపు ఎదురుచూసింది. రాలేదు. ఒకరోజు ముందు వచ్చుంటే అని కాదు ఆమె బాధ. ఒకరోజు ముందు నోరు విప్పినా సరిపోయేది. ఇస్తే వెళ్తాను, పెట్టుకున్నాను అంటే డెక్లన్ ఆగేవాడు. ఆ మాట అనడానికి వీసా అక్కర్లేదు.

ఆఫీసుకి వచ్చేసరికి దీక్షిత్ కుర్చీ లాక్కుని ఆమె పక్కన సిద్ధంగా ఉన్నాడు. అతను ఇక్కడే పెరిగాడు. వాళ్ళ అమ్మానాన్నలు డాక్టర్లు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడమంటే మాత్రం పక్కా డబ్లిన్ ఇంగ్లీషే వస్తుంది. ఆమెకన్నా చిన్నవాడు, కానీ ఇక్కడి పద్ధతిలో పేరు పెట్టే పిలుస్తాడు. మనిషి సరదాగా ఉంటాడు. కష్టపడడం తెలియకపోవడం తప్ప వేరే లోపం లేదు.

"సరే యోగిత, మొదట్నుంచీ మొదలెట్టు. నాకేం తెలీదనుకో," అన్నాడు.

ఆమె మ్యాప్ పరిచింది. ఉత్తరాన విమానాశ్రయం. ఇక్కణ్ణుంచి దక్షిణానికి దిగితే గారిబాల్డీ కొండ, అక్కడ నిలబడితే మునిగిపోయిన ఊరు కనిపిస్తుంది. దాని దగ్గరికి పోవాలంటే అనుమతి ఉండాలి. కొండ ఇంకా పొగలు కక్కుతోంది కాబట్టి సగం దీవిలో మనుషులు ఉండకూడదు. దీక్షిత్ వింటూ ఫోన్లో కొడుతున్నాడు.

"ఒకవేళ ఎవరైనా అడిగారనుకో, అక్కడ మనం బానిసలమా దొరలమా అని. ఏం చెప్పను?"

మనం అన్నాడు. ఆమె వేలు మ్యాప్ మీద ఆగింది. ఆమె ఎప్పుడూ ఆ దీవి గురించి మనం అని అనుకోలేదు. అక్కడ ఐరిష్ వాళ్ళ వైపా, ఉరి తీసిన తొమ్మిదిమంది వైపా అని అడిగితే ఆమెకి ఒక జవాబు ఉంది, కానీ దాన్ని ఎవరూ అడగలేదు.

"రెండూనూ. ఆ పేజీ డెక్లన్ తీసేశాడు. నీకు మెయిల్ చేస్తా," అని ఛార్జర్ కోసం బ్యాగులో చెయ్యి పెట్టింది. వైరుతో పాటు పాస్‌పోర్ట్ కూడా బయటికి వచ్చి బల్ల మీద పడి తెరుచుకుంది.

దీక్షిత్ వంగి చూశాడు. నవ్వు మాయమైంది.

"ఇదెప్పుడు వచ్చింది?"

"ఇవాళే."

"పెట్టుకున్నావా? మరి ఎవరికీ చెప్పలేదేంటి?"

"చెప్పకూడదు కాబట్టి."

అతను నవ్వేశాడు. "మా మమ్మీ కూడా అంతే. మా చెల్లి లోహిత కడుపులో ఉన్నప్పుడు ఏడో నెల దాకా నాన్న హాస్పిటల్లో ఎవరికీ చెప్పలేదట. ఒళ్ళు చేసిందనుకున్నారట అందరూ." మళ్ళీ వెంటనే, "అయితే యోగిత, ఇది నీ ట్రిప్పు. నేను డెక్లన్‌తో చెప్పేస్తా. నువ్వే వెళ్ళు," అన్నాడు.

"పర్లేదులే," అంది యోగిత.

ఆలోచించి అనలేదు. తుమ్ము వచ్చినట్టు వచ్చింది ఆ మాట. అని అతని వైపు చూసింది. దీక్షిత్ భుజాలు అంగుళం దిగాయి, ఊపిరి వదిలాడు. అంత కనబడేలా తేలికపడకపోయినా బాగుండేది.

"ఖాయమేనా?"

"ఆ, ఖాయమే. నువ్వు వెళ్ళు."

"నిజానికి మమ్మీ అప్పుడే వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. నేను వద్దంటున్నా వినలేదు," అని మళ్ళీ మ్యాప్ మీదికి వంగాడు. "ఊ, ఇప్పుడు ఆ వాగు చెప్పు."

ఆమె వాగు గురించి చెప్పింది. నీళ్ళు తాగితే మళ్ళీ వస్తారని చెబుతున్నప్పుడు అతని వైపు చూడలేదు.

సాయంత్రం ఇంట్లో భానుమతి ఆంటీ దోసెలు పోస్తోంది. హాల్లో అంకుల్ క్రికెట్ చూస్తున్నాడు. యోగిత పాస్‌పోర్ట్ తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది. సంగతంతా చెప్పింది. ఆంటీ గరిటె పట్టుకునే విని, పెదవి విరిచింది.

"నే చెప్పలా? ఆ పిల్లోడి కళ్ళే పడ్డాయి. పోన్లేమ్మా, ఏది జరిగినా మన మంచికే. ఎన్ని దీవులు లేవు."

"ఎవరి కళ్ళూ పడలేదండి." యోగిత గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "అతనికి తెలియనే తెలీదు. తెలిస్తే అడ్డు పడేవాడు కూడా కాదు. నేనే నోరు మూసుకు కూర్చున్నాను. అడిగినప్పుడల్లా చూద్దాం చూద్దాం అన్నాను. మీరు చెప్పకు అన్నారు, అమ్మ చెప్పకు అంది, నేను చెప్పలేదు. మా బాస్ ఆసక్తి లేదనుకున్నాడు. ఎవడైనా అదే అనుకుంటాడండి."

ఇంత మాట ఆ ఇంట్లో ఆమె ఎప్పుడూ అనలేదు. అద్దెకున్న పిల్ల ఇల్లుగలావిడని పట్టుకుని నీ వల్లే అనడమేమిటని మరుక్షణం భయం వేసింది. పెనం మీద దోసె అంచులు లేచినా ఆంటీ తిప్పలేదు. మాడిన వాసన వచ్చాక తీసి పక్కన పడేసి పొయ్యి కట్టేసింది.

"మొదట్లో మేం కార్క్ ఊళ్ళో ఉన్నప్పుడు," అంది ఆంటీ, హాలు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించి. "నేను ఎమ్మెస్సీ లెక్కలమ్మా, నీకు తెలీదనుకుంటా. ఒక స్కూల్లో టీచరుకి అప్లై చేశా. వచ్చిందాకా చెప్పగూడదని మీ అంకుల్‌కి గూడా చెప్పలా. వచ్చింది. కాగితం తీసుకొచ్చి ఆయన కోసం పాయసం గూడా చేసి కూర్చున్నా. ఆయన ఇంటికొచ్చి, డబ్లిన్లో పోస్టొచ్చింది, పొద్దున్నే సంతకం పెట్టేసొచ్చా అన్నారు. ఆ పాయసం దానికే అనుకుని రెండు గిన్నెలు తాగారు."

"మీ సంగతి చెబితే ఆగేవారేమో కదండి."

"ఆగేవారేమో. ఎవరు అడిగారు?"

"అంకుల్‌కి తర్వాతైనా చెప్పలేదా?"

"ఇంతవరకూ తెలీదు." ఆంటీ పెనం మీద నీళ్ళు చిలకరించింది. "చెబితే ఇప్పుడు బాధపడతారు పాపం." మళ్ళీ పొయ్యి వెలిగించి పిండి గరిటెతో పోసి గుండ్రంగా తిప్పసాగింది. హాల్లో ఎవరో అవుటైనట్టున్నారు, అంకుల్ అయ్యో అన్నాడు. యోగిత ప్లేటు పట్టుకుని నిలబడింది. ఆంటీ వేసిన మూడు దోసెలూ తింది.

శుక్రవారం మధ్యాహ్నం టీ వేళకి డెక్లన్ డోనట్ల పెట్టె తెచ్చాడు, దీక్షిత్ ప్రయాణానికి. అందరూ మీటింగు బల్ల చుట్టూ మగ్గులు పట్టుకుని నిలబడ్డారు. దీక్షిత్‌ని ఆట పట్టిస్తున్నారు. దోమలు తెల్లవాళ్ళనే కుడతాయి, నీకేం భయం లేదు అని ఒకరంటే, మేకమాంసం పులుసు పేరు చెప్పి ఇంకొకరు నవ్వుతున్నారు. దీక్షిత్ అందరి ముందూ చెయ్యెత్తి ఆపాడు. మనిషి మంచి ఉత్సాహంలో ఉన్నాడు.

"జోకులు సరే కానీ, న్యాయంగా వెళ్ళాల్సింది యోగిత. ఆ దీవిలో ప్రతి రాయీ తెలుసు ఆమెకి. యోగితా, ఇప్పటికీ చెబుతున్నా, నువ్వు ఊ అంటే చాలు, నేను తప్పుకుంటా."

పెద్ద మనసుతోనే అన్నాడు. నిన్న వద్దన్న మనిషి ఇవాళ కూడా వద్దంటుందన్న ధీమాతో కూడా అన్నాడు. ఇందులో మోసమేం లేదు, మర్యాదే. నరసాపురంలో గేటు గడియ మీద చెయ్యేసి భోంచేసి వెళ్ళండని అంటారు చూడండి, అలాంటిది. ఉండిపొమ్మని కాదు ఆ పిలుపు. వచ్చినవాళ్ళు అబ్బే పర్లేదు అనాలి, ఇంట్లోవాళ్ళు అయ్యో అనాలి, అందరూ సుఖంగా ఎవరి దారిన వాళ్ళు పోవాలి. ఐర్లండ్‌లో కూడా అచ్చంగా ఇంతే. అందుకే అందరూ చిరునవ్వుతో యోగిత వైపు తిరిగి ఆ పర్లేదు కోసం ఎదురుచూస్తున్నారు. డెక్లన్ అప్పుడే రెండో డోనట్ అందుకున్నాడు.

"సరే," అంది యోగిత.

తెలుగులో అంది. దీక్షిత్‌కి ఒక్కడికే అర్థమైంది. అతని నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. ఆమె మగ్గు బల్ల మీద పెట్టి, మిగతావాళ్ళకీ తెలిసేలా ఇంగ్లీషులో చెప్పింది. "నేను వెళ్తాను. నెల కిందటే వీసాకి పెట్టాను. నిన్న వచ్చింది."

డెక్లన్ వేళ్ళకి పంచదార అంటుకుని ఉంది. ఏం చేయాలో తెలియక ఆ వేళ్ళని చూసుకున్నాడు. "నీకు వెళ్ళడం ఇష్టం లేదనుకున్నానే."

"ఇష్టమే. మొదట్నుంచీ ఇష్టమే."

"మరి అడిగినప్పుడు చెప్పలేదేం?"

ఆ సంగతి ఇంగ్లీషులో చెప్పాలంటే మిరపకాయల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. "చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను," అంది. చెవులు వేడెక్కిపోయాయి. అందరి ముందూ నిలబడి నాకు కావాలి అనడం ఇంత సిగ్గుగా ఉంటుందని ఆమె ఊహించలేదు.

"పేరైతే ఇంకా ఇవ్వలేదు," అన్నాడు డెక్లన్ గడియారం చూసుకుని. "దీక్షిత్, నీకు నిజంగా ఫరవాలేదా?"

ఇప్పుడు అందరూ అటు తిరిగారు. దీక్షిత్ బల్ల చుట్టూ తిరిగి ఆమె దగ్గరగా వచ్చాడు. మిగతావాళ్ళకి అర్థం కాకూడదని తెలుగులో అన్నాడు. అతని నోట తెలుగు వినడం ఆమెకి అదే మొదలు. మాటలు వెతుక్కుంటూ చిన్నపిల్లాడిలా అన్నాడు.

"అక్కా. మమ్మీ అందరికీ చెప్పేసింది. అమ్మమ్మకి కూడా."

అమ్మమ్మకి ఫోన్ చేసి, కాదట అమ్మా, ఇంకెవరో వెళ్తున్నారట అని వాళ్ళమ్మ చెప్పుకోవడం యోగిత కళ్ళకి కట్టింది. ఆ సంభాషణ ఎలా ఉంటుందో ఆమెకి బాగా తెలుసు, కిందటేడు సీమంతం అప్పుడు తనే అలా చెప్పుకోవాల్సి వచ్చింది. పర్లేదులే అన్న మాట నోటి నిండా వచ్చి కూర్చుంది. పెదవులు విడితే చాలు, దానంతటదే పడిపోతుంది. అందరికీ హాయి. తన బల్ల తనకి ఉంటుంది, హెడ్‌సెట్ ఉంటుంది, వెళ్ళానండీ చాలా బాగుంటుంది అని చెప్పుకోవడానికి ఫోన్లు వస్తూనే ఉంటాయి.

ఆమె పళ్ళు బిగించింది. తల దించుకోలేదు, ఊపలేదు. అతని కళ్ళలోకే చూస్తూ నిలబడింది.

దీక్షిత్ ఆమె మొహం మీంచి చూపు తిప్పుకున్నాడు. తర్వాత డెక్లన్ వైపు తిరిగి, "యా, గ్రాండ్," అన్నాడు. ఇక్కడివాళ్ళ పర్లేదు అది.

"అయితే సరే. యోగితా, పాస్‌పోర్ట్ తీసుకుని రా," అని డెక్లన్ చేతులు దులుపుకుంటూ తన గదిలోకి వెళ్ళాడు. జనం మగ్గులు తీసుకుని ఎవరి బల్లల దగ్గరికి వాళ్ళు చేరారు. దీక్షిత్ తన కుర్చీలో కూర్చుని ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు, ఎవరికీ చేయకుండా అలాగే పట్టుకున్నాడు. ఇష్టం లేని దానికి నవ్వుతూ సరేనన్న మనిషి వీపు ఎలా ఉంటుందో యోగిత ఇప్పుడే చూస్తోంది. ఇన్నాళ్ళూ తన వీపు కూడా అలాగే ఉండి ఉంటుంది, చూసినవాళ్ళు చూసే ఉంటారు. అతని భుజం మీద చెయ్యి వేసి ఏదైనా అనాలనిపించింది. ఏ మాట అన్నా అది చివరికి పర్లేదులే దగ్గరికే చేరుతుందని తెలుసు. అందుకని ఏమీ అనకుండా అతని వెనక నుంచి నడిచి, పాస్‌పోర్ట్ పట్టుకుని డెక్లన్ గదిలోకి వెళ్ళింది.